వెట్టి, వాటా, వడ్డీ: సూయజ్ కాలువ కథ

1875 నవంబరు చివరి రోజుల్లో కైరోలోని బ్రిటిష్ కాన్సులేటులో కొన్ని కాగితాలు లెక్కపెట్టారు. సూయజ్ కాలువ కంపెనీ వాటా పత్రాలవి. అమ్మినవాళ్లు చెప్పిన లెక్క ప్రకారం 1,77,642 ఉండాలి. తీరా చూస్తే 1,76,602 ఉన్నాయి. 1,040 తక్కువ. సరే, తగ్గిన మేరకు ధరా తగ్గించారు. 40 లక్షల పౌండ్లు కాస్తా 39,76,582 పౌండ్లు అయింది. ఆ కాగితాలన్నీ ఏడు పెట్టెల్లో సర్ది, ఓడెక్కించి లండన్ పంపించేశారు.

అమ్మినవాడు ఈజిప్టు పాలకుడు ఇస్మాయిల్. కొన్నది బ్రిటిష్ ప్రభుత్వం. బేరం మొదలై ముగియడానికి పట్టుమని రెండు వారాలు కూడా పట్టలేదు.

సూయజ్ అనగానే మనలో చాలామందికి గుర్తొచ్చేది 2021లో అడ్డం తిరిగి ఇరుక్కుపోయిన ఎవర్ గివెన్ ఓడ. ఆరు రోజుల పాటు ప్రపంచమంతా ఆ ఓడ మీద జోకులు వేసుకుంది. అందులో పనిచేస్తున్న పాతికమందీ మనదేశం వాళ్లేనన్న సంగతి మాత్రం ఆ జోకుల్లో పెద్దగా వినపడలేదు. కాస్త చరిత్ర చదివినవాళ్లకైతే 1956, నాసర్, యుద్ధం గుర్తొస్తాయి. నన్ను మాత్రం పట్టుకుని వదలనివి ఆ ఏడు పెట్టెలే. ఒక దేశం తన నేల మీద, తన మనుషులు తవ్విన కాలువను ఒక్క తుపాకీ పేలకుండా ఎలా పోగొట్టుకుందో వాటిలో ఉంది. తుపాకులు తర్వాత పేలాయి. ముందు పేలింది అప్పు.

వెట్టి

మనకు కాలువ అంటే పొలాలకు నీళ్లు తెచ్చేది. గోదావరి డెల్టాలో పుట్టినవాళ్లనడిగితే కాలువకు నీళ్లొదిలారా లేదా అన్నదాన్ని బట్టే ఏడాది ఎలా ఉంటుందో చెబుతారు. సూయజ్ అలాంటి కాలువ కాదు. మధ్యధరా సముద్రాన్నీ ఎర్ర సముద్రాన్నీ కలిపే ఉప్పునీటి దారి అది. దాని వల్ల ఒక్క ఎకరం తడవదు. అది తడిపేది ఖజానాలనే. ఎవరి ఖజానాలన్నదే ప్రశ్న.

1854లో ఈజిప్టు గద్దెనెక్కిన సయీద్ పాషాకు ఫెర్దినాన్ ద లెసెప్స్ అనే ఫ్రెంచి మాజీ రాయబారి చిన్నప్పటి నుంచీ స్నేహితుడు. సయీద్ కుర్రతనంలో బాగా లావుగా ఉండేవాడట. తండ్రి మహమ్మద్ అలీ తిండి కట్టడి చేస్తే, లెసెప్స్ ఇంటికెళ్లి కడుపునిండా మకరోనీ తినేవాడని ఒక కథ చెబుతారు. నిజమో కల్పనో గానీ, సయీద్ అధికారంలోకి వచ్చిన కొన్ని నెలలకే లెసెప్స్ చేతిలో కాలువ తవ్వుకునే అనుమతి పత్రం ఉంది. తండ్రి మహమ్మద్ అలీ ఈ కాలువకు ఎప్పుడూ ఒప్పుకోలేదు. ఇస్తాంబుల్ ముంగిట ఉన్న బాస్ఫరస్ జలసంధి టర్కీకి ఎన్ని తలనొప్పులు తెచ్చిందో ఆయన చూశాడు. అలాంటి దారి ఒకటి తన ఇంట్లో ఉంటే పెద్ద రాజ్యాలన్నీ వచ్చి గుమ్మంలో కూర్చుంటాయని ఆయన భయం. ఎంత ముందుచూపో తర్వాతి వందేళ్లు చూపించాయి.

1856 నాటి రెండో అనుమతి పత్రం ప్రకారం కాలువ తెరిచిన రోజు నుంచి 99 ఏళ్ల పాటు దాని మీద హక్కు కంపెనీది. లాభాల్లో 15 శాతం ఈజిప్టు ప్రభుత్వానికి, 75 శాతం వాటాదారులకు, 10 శాతం వ్యవస్థాపకులకు. పనివాళ్లలో అయిదింట నాలుగొంతులు ఈజిప్టువాళ్లే ఉండాలి. వినడానికి ఇది స్థానికులకు ఉద్యోగాలిచ్చే షరతులా ఉంటుంది. జరిగింది వేరు. 1859 ఏప్రిల్‌లో పని మొదలైంది. కొద్ది కాలానికే ఊళ్లనుంచి రైతుల్ని నెలకు సుమారు 20 వేలమంది చొప్పున పట్టుకురావడం మొదలైంది. ఒక 20 వేలు తవ్వుతుంటే ఇంకో 20 వేలు దారిలో నడిచొస్తుంటారు, మరో 20 వేలు ఇళ్లకు తిరిగిపోతుంటారు. అంటే ఏ నెల చూసినా సుమారు 60 వేలమంది తమ పొలంలో లేరు. కూలి కొద్దిగా ఇచ్చేవాళ్లు. కాదనే హక్కు మాత్రం ఇవ్వలేదు. అరబ్బీలో దీనికి వేరే పేరుంది. మనకున్న మాట వెట్టి.

ఎంతమంది చనిపోయారన్నదాని మీద వివాదం ఇప్పటికీ ఉంది. 1956లో నాసర్ చెప్పిన అంకె లక్షా ఇరవై వేలు. చరిత్రకారులు చాలామంది దాన్ని ఒప్పుకోరు. చేతులతో, గంపలతో మట్టి మోసిన ఆ మనుషుల పేర్లు మాత్రం ఏ వాటా పత్రం మీదా లేవు. ఇందులో వివాదమేమీ లేదు.

1863లో సయీద్ పోయి, ఇస్మాయిల్ వచ్చాడు. కాలువ ఈజిప్టుది కావాలి గానీ ఈజిప్టు కాలువది కాకూడదని ఆయన గద్దెనెక్కిన కొత్తలో అన్నాడంటారు. వెట్టి ఆపాలనుకున్నాడు, కంపెనీకి ధారాదత్తం చేసిన భూములు వెనక్కి తీసుకోవాలనుకున్నాడు. కంపెనీ ఒప్పుకోలేదు. తగువు తీర్చమని ఫ్రెంచి చక్రవర్తి మూడో నెపోలియన్‌ను అడిగారు. ఫ్రెంచి కంపెనీ మీద తగువుకు ఫ్రెంచి చక్రవర్తి తీర్పరి! 1864లో తీర్పొచ్చింది. వెట్టి ఆపినందుకు నష్టపరిహారం 3 కోట్ల 80 లక్షల ఫ్రాంకులు. భూములకు 3 కోట్లు. మంచినీటి కాలువకు కోటీ 60 లక్షలు. మొత్తం 8 కోట్ల 40 లక్షలు. కంపెనీ మూలధనమే 20 కోట్లన్న సంగతి గుర్తుపెట్టుకుంటే ఈ అంకె బరువు తెలుస్తుంది. తన మనుషుల చేత బలవంతంగా పని చేయించడం మానుకున్నందుకు ఒక దేశం పరాయి కంపెనీకి జరిమానా కట్టిందన్నమాట.

ఆ తర్వాత మిగిలిన తవ్వకం చాలామటుకు ఆవిరి యంత్రాలు చేశాయి.

వాటా

కంపెనీ 1858లో 4 లక్షల వాటాలు అమ్మకానికి పెట్టింది. ఒక్కోటి 500 ఫ్రాంకులు. ఫ్రాన్సులో రెండు లక్షలకు పైగా అమ్ముడుపోయాయి. బ్రిటన్, ఆస్ట్రియా, రష్యా, అమెరికాలకని విడిగా ఉంచిన 85 వేల పైచిలుకు వాటాల్ని మాత్రం ఎవరూ ముట్టుకోలేదు. ముఖ్యంగా బ్రిటిష్ ప్రభుత్వం ఈ కాలువను మొదటినుంచీ అడ్డుకుంటూనే వచ్చింది. ప్రధాని పామర్‌స్టన్‌కు ఇది వట్టి ఫ్రెంచి పన్నాగంలా కనబడింది. హిందూదేశానికి దగ్గరి దారి ఫ్రాన్సు చేతిలో పడితే ఎలా అన్నది వాళ్ల బెంగ. అందుకే కాలువ కన్నా అలెగ్జాండ్రియా నుంచి కైరోకి రైలు వేయడమే మేలన్నారు.

మిగిలిపోయిన వాటాల్ని లెసెప్స్ తెచ్చి సయీద్ నెత్తిన పెట్టాడు. అలా ఈజిప్టు పాలకుడు 1,77,642 వాటాలకు, అంటే దాదాపు 44 శాతానికి, సొంతదారుడయ్యాడు. చేతిలో అంత డబ్బు లేదు. అప్పు చేశాడు. నేల ఈజిప్టుది, కూలీలు ఈజిప్టు రైతులు, పెట్టుబడిలో సగానికి కొంచెం తక్కువ ఈజిప్టుది, ఆ పెట్టుబడి కోసం చేసిన అప్పు కూడా ఈజిప్టుదే. కార్యాలయం మాత్రం పారిస్‌లో.

1869 నవంబరు 17న కాలువ తెరుచుకుంది. ఫ్రెంచి మహారాణి యూజనీ ఎక్కిన ఓడ ముందు నడిచింది. ఐరోపా రాజకుటుంబాలన్నిటికీ పిలుపులు వెళ్లాయి. కైరోలో ఆ నెలారంభంలోనే కొత్త ఒపేరా భవనం కూడా తెరిచారు. అమెరికా అంతర్యుద్ధం రోజుల్లో పత్తి ధర ఆకాశాన్నంటినప్పుడు ఈజిప్టు బాగానే సంపాదించింది. 1865లో యుద్ధం ముగిసింది, ధర పడింది. ఖర్చు మాత్రం తగ్గలేదు. అప్పు చేసి పప్పుకూడు అంటామే, ఇస్మాయిల్ దాన్ని రాజ్యం స్థాయిలో చేసి చూపించాడు. నిజం చెప్పాలంటే అంతా విలాసం కాదు. రైళ్లు, బడులు, పంట కాలువలు, రేవులు కూడా ఆ అప్పుల్లోంచే వచ్చాయి. కానీ అప్పిచ్చిన ఐరోపా బ్యాంకులు ముందే కమీషన్లు కోసుకుని, చేతిలో తక్కువ పెట్టి, కాగితం మీద ఎక్కువ రాయించుకునేవి.

1869లోనే మరో ముఖ్యమైన పని జరిగింది. అప్పట్లో ఎవరూ దాన్ని పెద్దగా పట్టించుకోలేదు. కంపెనీకీ ఇస్మాయిల్‌కీ మిగిలిన లెక్కల తగాదాలు 3 కోట్ల ఫ్రాంకులకు తెగాయి. రొక్కం లేదు. దాని బదులు తన వాటాల మీద రాబోయే 25 ఏళ్ల లాభాన్ని, అంటే 1894 దాకా వచ్చే కూపన్లని, ఇస్మాయిల్ కంపెనీకి రాసిచ్చేశాడు. వాటాలు మిగిలాయి, వాటి రాబడి మిగల్లేదు. కాయలన్నీ పాతికేళ్లకు ముందే అమ్మేసుకున్న మామిడితోట లాంటిదన్నమాట.

1875 నాటికి ఇస్మాయిల్‌కు తోట కూడా అమ్మక తప్పలేదు. ఆ డిసెంబరులో కట్టాల్సిన అప్పు వాయిదాకు డబ్బు లేదు. పారిస్‌లో ఫ్రెంచి బ్యాంకులతో బేరం నడుస్తోంది. ఈ సంగతి లండన్‌లో పాల్ మాల్ గెజెట్ పత్రిక సంపాదకుడు ఫ్రెడరిక్ గ్రీన్‌వుడ్ చెవిన పడింది. ఆయన నవంబరు 15న వెళ్లి విదేశాంగ మంత్రి డెర్బీకి చెప్పాడు. డెర్బీకి పెద్దగా ఇష్టం లేదు. ప్రధాని డిజ్రేలీ మాత్రం ఎగిరి గంతేశాడు. అప్పటికి పార్లమెంటు సమావేశాలు లేవు. ప్రభుత్వం అంత డబ్బు ఖర్చు పెట్టాలంటే సభ అనుమతి కావాలి. సభను పిలిచేదాకా ఇస్మాయిల్ ఆగలేడు.

డిజ్రేలీ తన కార్యదర్శిని బ్యాంకరు రాత్స్‌చైల్డ్ దగ్గరికి పంపాడు. హామీ ఏమిటని ఆయన అడిగితే, బ్రిటిష్ ప్రభుత్వమే హామీ అని కార్యదర్శి చెప్పాడన్న కథ బాగా ప్రచారంలో ఉంది. కథ సంగతెలా ఉన్నా లెక్క మాత్రం ఖాయం. 40 లక్షల పౌండ్లు, దాని మీద రెండున్నర శాతం కమీషన్, తిరిగి చెల్లించేదాకా 5 శాతం వడ్డీ. నవంబరు 25న ఒప్పందం మీద సంతకాలయ్యాయి. 1858లో ఒక్క వాటా కూడా వద్దన్న దేశం, పదిహేడేళ్ల తర్వాత 44 శాతం కొనేసింది. ఈలోపు జరిగిందేమిటంటే, కాలువలో నడిచే ఓడల్లో అత్యధికం బ్రిటిష్ ఓడలే అయ్యాయి. లండన్ నుంచి బొంబాయికి ఆఫ్రికా చుట్టూ తిరిగి వచ్చే దారితో పోలిస్తే నాలుగు వేల నాటికల్ మైళ్లకు పైగా కలిసొచ్చేది. వద్దన్న దారే వాళ్లకు ప్రాణనాడి అయి కూర్చుంది.

వడ్డీ

ఇప్పుడు అసలు విషయానికొద్దాం. ఆ 40 లక్షలకు బ్రిటిష్ ప్రభుత్వానికి దక్కిందేమిటి?

లాభమా? 1894 దాకా కూపన్లు లేవు. పెత్తనమా? కంపెనీ నియమావళి ప్రకారం ఎన్ని వాటాలున్నా ఒక వాటాదారుకు పదికి మించి ఓట్లు లేవు. పోనీ ఆ పది ఓట్లయినా ఉన్నాయా అంటే, కూపన్లు లేని వాటాలకు ఓటే లేదని ఫ్రెంచివాళ్లు వాదించారు. చివరికి రాజీ మీద పాలకమండలిలో మూడు కుర్చీలు ఇచ్చారు. ప్రతిపక్షంలో ఉన్న గ్లాడ్‌స్టన్ ఈ కొనుగోలును గట్టిగానే విమర్శించాడు. లెక్క ప్రకారం చూస్తే ఆయన మాట కొట్టిపారేయదగ్గది కాదు.

కానీ ఒప్పందంలో ఇంకో షరతు ఉంది. 1894 దాకా వాటాల మీద రాబడి రాదు కాబట్టి, ఆ లోటు పూడ్చడానికి ఇస్మాయిల్ ఏటా కొన్న ధర మీద 5 శాతం వడ్డీ కట్టాలి. మళ్లీ చదవండి. అమ్మినవాడు, కొన్నవాడికి, అమ్మిన సరుకు మీద, 19 ఏళ్లు వడ్డీ కట్టాలి. ఏడాదికి సుమారు 2 లక్షల పౌండ్లు. పందొమ్మిదితో హెచ్చవేస్తే 37 లక్షలు దాటుతుంది. అంటే అమ్మగా వచ్చిన సొమ్ము దాదాపు మొత్తం ఈజిప్టు రైతుల శిస్తుల్లోంచి తిరిగి లండన్ చేరింది. ఆ రైతుల్లో కాలువ తవ్విన చేతులూ ఉండే ఉంటాయి. 1895 నుంచి బ్రిటన్‌కు అసలు లాభాలు రావడం మొదలైంది. కొన్న ధర ఎన్నో రెట్లు తిరిగొచ్చింది.

అమ్మబోతే అడవి, కొనబోతే కొరివి అని మన సామెత. ఈజిప్టు ఆ రెండూ ఒకే కాలువ మీద అనుభవించింది. కొన్నప్పుడు ఎవరికీ అక్కర్లేని వాటాలు కొన్నది, అమ్మేటప్పుడు అందరికీ కావాల్సిన వాటాలు చవగ్గా అమ్మింది. మొదటిసారి మొహమాటం, రెండోసారి అవసరం.

వచ్చిన 40 లక్షలు కొన్ని నెలల ఊపిరి మాత్రమే పోశాయి. 1876లో ఈజిప్టు చెల్లింపులు ఆపేసింది. మొత్తం అప్పు 9 కోట్ల పౌండ్లు దాటిందని తేలింది. అప్పులవాళ్ల తరఫున ఒక కమిషన్ వచ్చి కూర్చుంది. ఆ వెనకే ఒక బ్రిటిష్, ఒక ఫ్రెంచి అధికారి వచ్చి ఆదాయవ్యయాల మీద కూర్చున్నారు. 1879లో ఇస్మాయిల్‌ను గద్దె దింపేశారు. 1880లో మిగిలిన ఆ 15 శాతం లాభం హక్కును కూడా ఒక ఫ్రెంచి బ్యాంకు బృందానికి 2 కోట్ల 20 లక్షల ఫ్రాంకులకు అమ్మేశారు. కాలువ తెరిచి పదకొండేళ్లు. ఈజిప్టులో ఉన్న కాలువలో ఈజిప్టుకు ఇక దమ్మిడీ వాటా లేదు.

వాటా వెనక సైన్యం

అప్పుల పాలన మీద కోపం సైన్యంలోంచి బయటపడింది. అహ్మద్ ఉరాబీ రైతు కుటుంబంలోంచి వచ్చిన కర్నలు. ఈజిప్టు ఈజిప్టువాళ్లదేనన్నది ఆ ఉద్యమం మాట. 1882 జులైలో బ్రిటిష్ నౌకాదళం అలెగ్జాండ్రియా మీద ఫిరంగులు పేల్చింది. అప్పుడు బ్రిటన్ ప్రధాని ఎవరనుకున్నారు? వాటాల కొనుగోలును విమర్శించిన అదే గ్లాడ్‌స్టన్. మనిషి మారినా, పార్టీ మారినా, ఒకసారి కొన్న ప్రయోజనం మారదు.

కాలువకు అడ్డుకట్ట వేద్దామని ఉరాబీ మనుషులు అనుకున్నారు. లెసెప్స్ అడ్డుపడ్డాడు. కాలువ తటస్థం, బ్రిటిష్‌వాళ్లు దాన్ని యుద్ధానికి వాడరని నమ్మబలికాడు. ఉరాబీ ఆగాడు. ఆగస్టులో జనరల్ వుల్‌జ్‌లీ సరిగ్గా ఆ కాలువలోంచే వచ్చి ఇస్మాయిలియాలో సైన్యాన్ని దించాడు. సెప్టెంబరు 13 తెల్లవారుజామున తెల్ అల్ కబీర్ దగ్గర గంటలోపే యుద్ధం ముగిసింది.

ఆ సైన్యంలో హిందూదేశం నుంచి వెళ్లిన దళాలున్నాయి. పంజాబీ, బెంగాల్ దళాలతో పాటు మద్రాసు శాపర్స్ అండ్ మైనర్స్ కూడా. దారులు వేసే, వంతెనలు కట్టే ఆ దళంలోకి మద్రాసు రాష్ట్రమంతటి నుంచీ, అంటే తమిళ జిల్లాల నుంచీ తెలుగు జిల్లాల నుంచీ, మనుషుల్ని తీసుకునేవాళ్లు. ఆ దళం యుద్ధ గౌరవాల జాబితాలో తెల్ అల్ కబీర్ పేరు ఇప్పటికీ ఉంది. ఆ దండయాత్రలో మన దళాల ఖర్చు ఎవరు భరించాలన్న దాని మీద లండన్‌లో వాదోపవాదాలు జరిగాయి. చివరికి బ్రిటన్ కొంత ఇచ్చినా, మంచి భాగం హిందూదేశపు ఖజానా మీదే పడింది. ఈజిప్టు రైతు శిస్తుతో వాటాల వడ్డీ, మన రైతు శిస్తుతో ఆ వాటాలకు కాపలా.

తాత్కాలికంగానే ఉంటామని వచ్చిన బ్రిటిష్ సైన్యం పూర్తిగా వెళ్లింది 1956 జూన్‌లో. ఒక తాత్కాలికం, 74 ఏళ్లు. మధ్యలో 1888లో కాన్‌స్టాంటినోపుల్‌లో పెద్ద రాజ్యాలన్నీ ఒప్పందం చేసుకున్నాయి. యుద్ధంలోనూ శాంతిలోనూ కాలువ అన్ని దేశాల ఓడలకూ తెరిచే ఉండాలన్నది దాని సారం. బ్రిటన్ దాన్ని పూర్తిగా ఒప్పుకోవడానికి ఇంకో పదహారేళ్లు తీసుకుంది. మొదటి ప్రపంచ యుద్ధం వచ్చాక శత్రువుల ఓడలకు ఆ తలుపు ఎలాగూ మూసుకునే ఉంది.

ఈజిప్టువాళ్లు ఆ పాత బేరం మర్చిపోలేదనడానికి ఒక రుజువుంది. 99 ఏళ్ల గడువు 1968 నవంబరుతో ముగుస్తుంది. దాన్ని 2008 దాకా పొడిగించమని కంపెనీ 1909లోనే అడిగింది. బదులుగా ఇస్తామన్నదెంతో తెలుసా? మళ్లీ అదే 40 లక్షల పౌండ్లు, లాభాల్లో కొంత భాగం. ప్రధానమంత్రి బుత్రోస్ ఘాలీ ఈ ప్రతిపాదనకు అనుకూలంగా ఉన్నాడు. 1910 ఫిబ్రవరిలో ఒక యువ జాతీయవాది ఆయన్ని కాల్చి చంపాడు. కాలువ విషయం ఆ హత్యకు చెప్పిన కారణాల్లో ఒకటి. ఏప్రిల్‌లో ఈజిప్టు సర్వసభ ప్రతిపాదనను తిరస్కరించింది. పెద్దగా అధికారాలు లేని సభే. కాదనడం మాత్రం నేర్చుకుంది.

తిరిగి రావడం

1937లో కంపెనీ ఈజిప్టుకు ఏటా 3 లక్షల పౌండ్లు ఇవ్వడానికి ఒప్పుకుంది. 1949లో అది లాభాల్లో 7 శాతమయింది. కాలువలో అప్పటికి ప్రవహిస్తున్నది చమురు. 1956 జులై 19న అమెరికా, ఆ వెంటనే బ్రిటన్, అస్వాన్ ఆనకట్టకు ఇస్తామన్న సాయం వెనక్కి తీసుకున్నాయి. వారానికి, జులై 26 రాత్రి, నాసర్ అలెగ్జాండ్రియాలో మైకు ముందు నిలబడ్డాడు. ఉపన్యాసంలో లెసెప్స్ పేరు పదేపదే పలికాడు. వింటున్న జనం చరిత్ర పాఠమనుకున్నారు. నిజానికి అది సంకేతం. ఆ పేరు రేడియోలో వినపడగానే ఇస్మాయిలియాలోని కంపెనీ కార్యాలయాల్లోకి మనుషులు నడిచి వెళ్లారు. కాలువ ఏటా మూడున్నర కోట్ల పౌండ్లు సంపాదిస్తుంటే మనకు దక్కేది పది లక్షలని నాసర్ చెప్పాడు. ఉపన్యాసం మొత్తం నడిచింది అప్పు, వడ్డీ, వాటా చుట్టూనే. ఎనభై ఏళ్ల కిందటి ఏడు పెట్టెలకు అది జవాబు.

తర్వాత జరిగింది చాలామందికి తెలిసిందే, తొందరగా చెప్పేస్తాను. విదేశీ పైలట్లు సెప్టెంబరు మధ్యలో మూకుమ్మడిగా వెళ్లిపోయారు. ఈజిప్టువాళ్ల చేత కాదు, కాలువ ఆగిపోతుందనుకున్నారు. ఆగలేదు. లండన్‌లో జరిగిన 22 దేశాల సమావేశంలో కాలువను అంతర్జాతీయ బోర్డుకు అప్పగించాలన్న ప్రతిపాదనకు 18 దేశాలు తలూపాయి. మన కృష్ణ మీనన్ వేరే దారి చూపించాడు: కాలువ ఈజిప్టుదే, వాడుకునే దేశాలకు సలహా చెప్పే సంఘం మాత్రం ఉండనివ్వండి. సోవియట్ యూనియన్, ఇండోనేషియా, సిలోన్ ఆయన పక్కన నిలిచాయి. అక్టోబరు 29న ఇజ్రాయెల్, ఆ వెనకే బ్రిటన్, ఫ్రాన్సు దాడి చేశాయి. కాలువను తెరిచి ఉంచడానికే వస్తున్నామన్నారు. నాసర్ ఓడలు ముంచి కాలువ మూసేశాడు. అమెరికా కళ్లెర్రజేసింది, పౌండు విలువ ఊగిపోయింది, బ్రిటన్ వెనక్కి తగ్గింది. అప్పు భయం చూపి తెచ్చుకున్న కాలువ, అప్పు భయంతోనే చేజారింది.

చాలామందికి తెలియని భాగం ఆ తర్వాతిది. నాసర్ కాలువను ఊరికే లాక్కోలేదు. పారిస్ మార్కెట్లో ముందురోజు ధర ప్రకారం పరిహారం ఇస్తానని ఆ రాత్రే ప్రకటించాడు. 1958లో 2 కోట్ల 83 లక్షల ఈజిప్టు పౌండ్లకు లెక్క తెగింది. వాయిదాల్లో కట్టేశారు. కాలువ లేని కాలువ కంపెనీ ఆ డబ్బుతో పారిస్‌లో పెట్టుబడుల సంస్థగా మారింది. అందులో బ్రిటిష్ ప్రభుత్వం వాటాదారుగా ఇంకా కొనసాగింది! ఆ వాటాల్ని చివరికి మార్గరెట్ థాచర్ ప్రభుత్వం 1979లో, ప్రభుత్వ ఆస్తుల అమ్మకాలు మొదలుపెట్టిన కొత్తలో, అమ్మేసింది. డిజ్రేలీ కొన్నదాన్ని ఆయన పార్టీ వారసురాలే వదిలించుకుంది. కాలువకూ కాగితానికీ సంబంధం తెగిపోయి అప్పటికి ఇరవై ఏళ్లు దాటింది.

ఇప్పుడు

2014లో ఈజిప్టు ప్రభుత్వం కాలువకు సమాంతరంగా ఇంకో పాయ తవ్వాలనుకుంది. డబ్బు కోసం విదేశీ బ్యాంకుల దగ్గరికి వెళ్లలేదు. ఈజిప్టు పౌరులు మాత్రమే కొనగలిగే పత్రాలు అమ్మింది. 12 శాతం వడ్డీ. జనం బ్యాంకుల ముందు బారులు తీరారు. ఎనిమిది పనిదినాల్లో 6,400 కోట్ల ఈజిప్టు పౌండ్లు వచ్చాయి. వడ్డీ ఆశ ఉంది, కాదనను. కానీ అవి వాటాలు కావు, అప్పు పత్రాలు. కాలువలో హక్కు ఎవరికీ రాలేదు. 1875 పాఠం ప్రభుత్వానికీ గుర్తుంది.

జనానికి ఇంకా బాగా గుర్తుంది. 2022 డిసెంబరులో కాలువ సంస్థకు ఒక ప్రత్యేక నిధి పెట్టే బిల్లుకు పార్లమెంటు తొలి ఆమోదం ఇచ్చింది. ఆస్తులు కొనే, అమ్మే, అద్దెకిచ్చే అధికారం ఆ నిధికి ఉంటుందని అందులో రాశారు. దేశం అప్పుల్లో ఉంది, ఐఎంఎఫ్‌తో కొత్త ఒప్పందం అప్పుడే కుదురుతోంది. ఒక్కసారిగా గగ్గోలు పుట్టింది. కాలువను అమ్మబోవడం లేదు, అమ్మే వీలూ లేదని అధికారులు మళ్లీ మళ్లీ చెప్పాల్సొచ్చింది. బయటివాళ్లకు అది అతిగా కనబడి ఉండొచ్చు. ఇస్మాయిల్ కథ తెలిసినవాళ్లకు అలా అనిపించదు. అప్పుడు కూడా ఎవరూ కాలువను అమ్మలేదు కదా. ముందు కూపన్లు అమ్మారు. తర్వాత వాటాలు. తర్వాత ఆ 15 శాతం. ఒక్కో కాగితం వెళ్లిపోతున్నప్పుడు కాలువ ఉన్నచోటే ఉంది, నీళ్లు నీళ్లలాగే ఉన్నాయి.

అయితే కాలువ ప్రభుత్వం చేతికి వచ్చినంత మాత్రాన జనం చేతికి వచ్చినట్టేనా? ఈ ప్రశ్నను నాసర్ అభిమానులు ఇష్టపడరు గానీ అడగక తప్పదు. 2023లో కాలువ ఆదాయం వెయ్యి కోట్ల డాలర్లు దాటింది. ఎర్ర సముద్రంలో ఓడల మీద దాడులు మొదలయ్యాక 2024లో అది 400 కోట్లకు పడిపోయింది. ఓడలు మళ్లీ ఆఫ్రికా చుట్టూ తిరిగి వెళ్లాయి, 1869కి ముందులాగే. కాలువ ఎవరిదైనా, దాని రాబడి మాత్రం వేరెవరో తెచ్చే యుద్ధాల మీదా శాంతి మీదా ఆధారపడి ఉంటుంది. వచ్చిన రాబడి ఏ ఊరి బడికి, ఏ ఆసుపత్రికి, ఏ అప్పు వడ్డీకి పోతోందో అడిగే హక్కు ఆ బారుల్లో నిలబడిన మనుషులకు ఎంత ఉందన్నదే అసలు లెక్క. వాటా పత్రం లండన్‌లో ఉన్నంతకాలం ఆ ప్రశ్న అడగడానికే వీల్లేదు. ఇప్పుడు కనీసం ఎవర్ని అడగాలో తెలుసు.

ఆ ఏడు పెట్టెలు సర్దినవాళ్లు 1,040 కాగితాలు తగ్గాయని పట్టుకున్నారు, పైసాతో సహా ధర సరిచేశారు. గంపలు మోసినవాళ్ల లెక్క మాత్రం ఇప్పటికీ ఎవరికీ తేలలేదు.